ముందు రాత్రి సంగతి చూడండి

సూర్యాపేటలోనో కోదాడలోనో రెండు మూడు కుటుంబాలు కలిసి లంబసింగి పోదామనుకున్నప్పుడు మాటలు ఎటు నడుస్తాయో గమనించండి. మబ్బులు ఏ కొండ మీద నుంచి బాగా కనిపిస్తాయి, తెల్లవారి ఎన్నింటికి లేవాలి, బొంగులో చికెన్ ఎక్కడ తినాలి, దారిలో ఏ జలపాతం దగ్గర ఆగాలి. అన్నీ పగటి ముచ్చట్లే. పడుకునే చోటు గురించి వచ్చేది ఒక్కటే మాట: "రూము ఏదో ఒకటి దొరుకుతది తియ్యి."

డిసెంబరు చివర్లో ఆ కొండల్లో సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది. మళ్లీ సూర్యుడు వచ్చేసరికి ఆరున్నర అవుతుంది. దాదాపు 13 గంటల చీకటి. రెండు రాత్రులుంటే 26 గంటలు. ఆ గంటల్లో తిరగడానికి బజారు లేదు, చూడటానికి వ్యూపాయింట్ లేదు. ఒక చెక్క గది, దాని ముందు మంట, పక్కన మనవాళ్లు, చుట్టూ చలి. ప్రయాణం బాగా జరిగిందా లేదా అన్నది అక్కడే తేలుతుంది. పగలు చూసిన జలపాతం ఎంత గొప్పగా ఉన్నా, రాత్రంతా వణికిన పిల్లవాడికి గుర్తుండేది వణుకే.

అందుకే ఈ అధ్యాయంలో నేను చెప్పే పద్ధతి ఒక్కటే. ముందు రాత్రిని ప్లాన్ చేసుకోండి, తర్వాత పగటికి రండి. ఒక కాగితం తీసుకుని సాయంత్రం 4 నుంచి మర్నాడు ఉదయం 8 దాకా గంటకో గీత గీయండి. ప్రతి గీత ఎదురుగా మీ గుంపులో ముగ్గురిని తలుచుకోండి: అందరికంటే పెద్దవారు, అందరికంటే చిన్నవారు, బండి నడిపేవారు. ఏడింటికి వీళ్లు ఎక్కడ కూర్చుంటారు? ఎనిమిదింటికి ఏం తింటారు? రెండింటికి మెలకువ వస్తే ఎవరిని లేపుతారు? ఈ ముగ్గురి రాత్రి కుదిరితే మిగతావాళ్ల రాత్రి దానంతట అదే కుదురుతుంది.

అడవిలో మకాం మనకు కొత్త అనుకోకండి. సూర్యాపేట పక్కనే దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతరకు రెండేళ్లకోసారి మాఘమాసంలో ఊళ్లకు ఊళ్లే కదిలివెళ్తాయి. గుడారం వేసుకుని, పొయ్యి పెట్టుకుని, రాత్రి అక్కడే ఉంటారు. మేడారం వెళ్లేవాళ్లూ అంతే, చెట్ల కింద వండుకు తింటారు. ఆ ప్రయాణాలకు ఇంట్లో పెద్దమ్మలు సామాను సర్దే తీరు చూడండి. కట్టెలు, నీళ్ల బిందె, చాప, దుప్పటి, దీపం, ఆ తర్వాతే మిగతావి. రాత్రికి కావలసినవన్నీ ముందు బండెక్కుతాయి. కారు, ఫోన్ బుకింగ్ వచ్చాక ఆ అలవాటు మన చేతుల్లోంచి జారిపోయింది. దాన్ని తిరిగి తెచ్చుకోవాలి.

ఎక్కడికి, ఎప్పుడు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మన మూడు పట్టణాలూ వేడి నేల మీద ఉన్నాయి. నిజంగా చలి పుట్టే ఎత్తు కావాలంటే తూర్పు కనుమలకు పోవాల్సిందే. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. అరకు లోయ 900 మీటర్ల పైచిలుకు. విశాఖ నుంచి అరకు వెళ్లే దారిలో అనంతగిరి, దానికంటే కింద టైడా ఉన్నాయి. టైడాలో పర్యాటక సంస్థ వారి జంగిల్ బెల్స్‌లో అడవి మధ్యన చెక్క కాటేజీలుంటాయి. మొదటిసారి చెక్క గదిలో ఉండబోయే కుటుంబానికి నేను టైడానే చెబుతాను. ఎత్తు తక్కువ కాబట్టి చలి మరీ కొరికేది కాదు, అడవి మాత్రం అసలైనది.

ఇంకా జాగ్రత్తగా మొదలుపెట్టాలనుకునే మిర్యాలగూడ వాళ్లకు నల్లమల ఉంది. హాలియా, దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరవచ్చు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో అటవీశాఖే కాటేజీలు ఇచ్చి, సఫారీతో కలిపి ప్యాకేజీగా నడుపుతోంది. చెంచులు గైడ్లుగా ఉంటారు. వానాకాలంలో జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ మూసేస్తారు. శ్రీశైలం దారిలో అడవి మధ్యన రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు కాబట్టి గేటు వేళలు తెలుసుకుని కదలండి. ఇక్కడ ఒక్క రాత్రి గడిపి వస్తే మీ ఇంట్లో ఎవరికి ఏం కావాలో తెలిసిపోతుంది. ఆ తెలివితో లంబసింగికి వెళ్తే సగం పని అయినట్టే.

ఇక నెల సంగతి. చలి కోసం జనం వెళ్లేది డిసెంబరు, జనవరి. ఆ రోజుల్లో శని ఆదివారాలు, సంక్రాంతి సెలవులు లంబసింగి రోడ్డు బండ్లతో నిండిపోతుంది. సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం ఉన్నవాళ్లకూ, మిల్లులతో పనున్నవాళ్లకూ ఆ నెలలు అసలే కుదరవు. నవంబరులో మిర్యాలగూడ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, డిసెంబరు వస్తే యాసంగి నార్ల పని. నాట్లు అయిపోయాక, ఫిబ్రవరి మొదటి రెండు వారాలు మన వాళ్లకు సరైన సమయం. కొండ మీద చలి ఇంకా ఉంటుంది, రద్దీ తగ్గుతుంది, అడిగిన గది దొరుకుతుంది. పెద్దగట్టు జాతర ఉన్న ఏడు మాత్రం తేదీలు చూసుకోండి. ఇంటి పెద్దలు జాతర వదిలి రారు, రమ్మని ఒత్తిడి చేయడం న్యాయమూ కాదు.

అక్టోబరులో దసరా సెలవులున్నాయని తొందరపడకండి. బంగాళాఖాతం తుఫానులకు అది కాలం. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ ఆ కొండలనూ వదల్లేదు. వానాకాలం మొత్తం ఏజెన్సీలో మలేరియా భయం, వాగులు పొంగే భయం రెండూ ఉంటాయి. పసిపిల్లలతో ఆ నెలల్లో వద్దు.

మరొక్క మాట, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. రెండు రాత్రులు ఉండలేకపోతే లంబసింగి వెళ్లకండి. ఒక్క రాత్రికి అంత దూరం పోతే ఆ రాత్రి అలసటకే సరిపోతుంది. కొత్త చోటు, కొత్త చలి, కొత్త పరుపు. ఒళ్లు దానికి అలవాటు పడేది రెండో రాత్రే.

ఎలా అడగాలి

ప్లాన్ చేసేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇంట్లో పెద్దవాళ్లను అడిగే చోట. ఒక కోడలు ఇలా అడిగిందనుకోండి:

"అత్తమ్మా, ఆడ బాత్రూమ్ బయట ఉన్నదట. అర్ధరాత్రి చలిల పోవాలె. మీతోని అయితదా?"

"ఎందుకు గాదు బిడ్డా, మీరందరు పోతాంటె నేను అడ్డం చెప్తనా? పోదాం పా."

అత్తమ్మ అబద్ధం ఆడలేదు. పిల్లల సంతోషానికి తాను అడ్డు కాకూడదని అంది, అంతే. ఇలా అడిగితే మీకు దొరికేది ఆమె ప్రేమ. కావలసిన సమాచారం దొరకదు. అదే కోడలు ఇంకో తీరుగా అడిగితే?

"అత్తమ్మా, ఈ మధ్య రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నరు?"

"రెండుసార్లు లేస్తనే ఉన్న బిడ్డా. షుగర్ వచ్చినకాడికెల్లి గంతే. మోకాళ్లు పట్టుకుంటయి, గోడ పట్టుకొని పోత."

ఇప్పుడు గది ఎలాంటిది కావాలో తేలిపోయింది. బాత్రూమ్ లోపలే ఉండాలి, మెట్లు ఉండకూడదు, మంచం గోడ పక్కన ఉండాలి, దారిలో చిన్న లైటు రాత్రంతా వెలగాలి. "చేయగలరా" అని అడగకండి, "ఇంట్లో ఎలా జరుగుతోంది" అని అడగండి. పిల్లల విషయంలోనూ అంతే. పక్క తడిపే పిల్లవాడుంటే తల్లి నలుగురిలో చెప్పదు. ఆమెను పక్కకు పిలిచి, పడుకునే ముందు ఇంట్లో ఏం చేస్తారని అడిగితే చెబుతుంది. రబ్బరు షీటు ఒకటి సంచిలో పెట్టుకుంటే ఆ తల్లికి కొండంత నిశ్చింత.

గది యజమానికి ఫోన్ చేసినప్పుడూ ఇదే పద్ధతి. "బాగుంటుందా" అంటే "బాగుంటుంది సార్" అనే అంటారు. లెక్క తేలే ప్రశ్నలు వేయండి. మంచానికి రగ్గులు ఎన్ని ఇస్తారు? వేడినీళ్లు గీజరువా, కట్టెల మీద కాచినవా, ఎన్ని గంటలకు? కరెంటు పోతే ఏం వెలుగుతుంది? చెక్కల మధ్య సందులున్నాయా, లోపల ఏమైనా కప్పారా? కారు గది దాకా వస్తుందా, ఎంత దూరం నడవాలి? రాత్రి కాపలా ఎవరుంటారు, వారి ఫోన్ నంబరు ఏది? గది లోపలి ఫొటోలు, బాత్రూమ్ ఫొటోతో సహా, వాట్సాప్‌లో పంపమనండి. బయట పూలతోట ఫొటో ఎంత అందంగా ఉన్నా దాంతో రాత్రి గడవదు.

ఇంకో ప్రశ్న ఎవరూ అడగనిది: గది పల్లంలో ఉందా, వాలు మీద ఉందా? ఎందుకో చెబుతాను.

చలి ఎలా వస్తుంది

ఎత్తు పెరిగేకొద్దీ గాలి చల్లబడుతుంది. సుమారుగా ప్రతి 1,000 మీటర్లకు ఆరున్నర డిగ్రీలు. సూర్యాపేటలో రాత్రి 16 డిగ్రీలుంటే లంబసింగి ఎత్తున పదికి దగ్గరగా ఉంటుందని ఈ లెక్క చెబుతుంది. మరి ఐదు, అంతకంటే కిందికి కూడా ఎందుకు పడిపోతుంది? ఆకాశం మబ్బు లేకుండా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, నీళ్లలాగా వాలు వెంట కిందికి జారి పల్లంలో చేరుతుంది. తెల్లవారుజామున పొలాల మీద తెల్లగా పరుచుకునే మంచు ఆ నిలిచిన చల్లగాలిలోదే. కాబట్టి లోయ అడుగున ఉన్న గది కంటే, కొంచెం వాలు మీద, తూర్పు ముఖంగా ఉన్న గది వెచ్చగా ఉంటుంది. పొద్దున ఎండ కూడా ముందుగా తగులుతుంది. ఫోన్‌లో అడిగి తెలుసుకోదగ్గ విషయమే ఇది.

ఊపిరాడదేమోనని కొందరు పెద్దవాళ్లు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు మామూలుగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. 3,500 మీటర్ల లేహ్‌కు వెళ్లేవాళ్లు రెండు రోజులు కదలకుండా ఉండటం అందుకే. లంబసింగిలో, అరకులో చూసుకోవలసింది చలి. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు వెళ్లేముందు డాక్టర్ని ఒకసారి కలవాలి. మందులు రెండు రోజులకు ఎక్కువే పెట్టుకోవాలి, ఇన్‌హేలర్ దిండు పక్కనే ఉండాలి. తెల్లవారి చన్నీళ్ల స్నానం ఎంత అలవాటైనా ఆ రెండు రోజులు మానాలి.

మన దగ్గర చలి బట్టలంటే ఒక స్వెట్టరు, దాన్ని పదేళ్లు వాడతాం. కొత్తవి కొనక్కర్లేదు. లోపల ఒంటికి అతుక్కునే బనియన్, దాని మీద మామూలు చొక్కా, దాని మీద స్వెట్టరు, పైన గాలి ఆపే జర్కిన్. పొరల మధ్య చిక్కిన గాలే వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. చెవులు, పాదాలు కప్పాలి. సాక్సులు రోజుకు రెండు జతలు, పడుకునే ముందు పొడి జత. మంచుకు తడిసిన నూలు బట్ట ఒంటి మీద ఉంటే స్వెట్టరున్నా వణుకు తగ్గదు.

పక్క విషయంలో పైన కప్పుకునేదాని మీదే అందరి దృష్టి. కింద పరిచేది కూడా అంతే ముఖ్యం. చెక్క గదులు చాలావరకు నేలకు ఎత్తుగా కట్టి ఉంటాయి, అడుగు నుంచి గాలి ఆడుతుంది. పలుచని పరుపు కింద నుంచి చలి ఎక్కుతుంది. ఇక్కడ మన ఇంటి వస్తువు ఒకటి అన్ని కొత్త సరుకులకంటే బాగా పనికొస్తుంది: గొంగడి. దక్కనీ గొర్రె ఉన్నితో కురుమలు నేసినది. ముతకగా, బరువుగా ఉంటుంది, కొత్తలో ఒంటికి గుచ్చుకుంటుంది. అది కప్పుకోవడానికి కాదు, పరుపు మీద పరిచి దాని మీద దుప్పటి వేయండి. కాస్త తేమ తగిలినా ఉన్ని వెచ్చదనం వదలదు. ఇంట్లో తాత గొంగడి అటక మీద ఉంటే దులిపి, ఒకరోజు ఎండలో వేసి, బండిలో పెట్టుకోండి.

ఇప్పుడు ఈ అధ్యాయంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట. నిద్రపోయే గదిలోకి కుంపటి తీసుకురాకండి. బొగ్గుల కుంపటి గానీ, మంటలోంచి తీసిన నిప్పుల పళ్లెం గానీ, గ్యాస్ స్టవ్ గానీ, తలుపులు వేసిన గదిలో పెట్టుకుని పడుకోకండి. గాలి సరిగా అందని నిప్పు కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట కొంచెం తలనొప్పి, మత్తు. చలిలో వెచ్చగా నిద్ర పడుతోందని మనిషి అనుకుంటాడు. ఆ నిద్రలోంచి లేవడు. పొగ రావడం లేదు కదా, బొగ్గు ఎర్రగా కాలుతోంది కదా అని ఎవరైనా అంటే వినకండి. ఎర్రటి బొగ్గు కూడా అదే పని చేస్తుంది. కారులో ఇంజన్ ఆన్‌లో ఉంచి, అద్దాలు మూసుకుని హీటరు వేసుకుని పడుకోవడం కూడా ఇంతే ప్రమాదం. బాత్రూమ్‌లో గ్యాస్ గీజరు ఉంటే కిటికీ తెరిచి, పిల్లలను ఒంటరిగా పంపకుండా వాడండి. ఈ పేరా వరకైనా మీతో వచ్చే ప్రతి ఒక్కరికీ చదివి వినిపించండి.

మందు గురించి కూడా దాపరికం లేకుండా చెప్పాలి. చలికి రెండు పెగ్గులు వేస్తే ఒళ్లు వెచ్చబడుతుందని మగవాళ్లలో ఒక నమ్మకం. మద్యం చర్మం దగ్గరి రక్తనాళాలను విప్పుతుంది, అందుకే వెచ్చగా అనిపిస్తుంది. నిజానికి లోపలి వేడి ఆ దారిన బయటికి పోతుంది. తాగి మంట పక్కనే నిద్రపోయినవాడికి, మంట ఆరాక తెల్లవారుజామున ముప్పు. బండి నడిపేవాళ్లయితే ముట్టుకోనే కూడదు.

బయటి చలిమంట సంగతి వేరు, అది కావాలి. ముందే మంటలు వేసిన బూడిద గుర్తున్న చోటే వేయండి, గదికి దూరంగా, ఎండుటాకులు ఊడ్చి. బకెట్ నీళ్లు పక్కన ఉండాలి. పడుకునే ముందు నీళ్లు పోసి, కర్రతో కెలికి, మళ్లీ పోయండి. అరచేతి వెనుక భాగం బూడిదకు దగ్గరగా పెడితే వేడి తగలకూడదు. అప్పటిదాకా ఎవరూ లోపలికి పోవద్దు.

తిండి

మొదటి రాత్రి తిండి ఇంటి నుంచే రావాలి. పులిహోర, జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం, సంక్రాంతి సకినాలు మిగిలి ఉంటే అవి. చేరిన పూట అలసటలో వంట మొదలుపెడితే తినేసరికి పదవుతుంది, పిల్లలు ఆకలితో పడుకుంటారు. అక్కడే భోజనం చెప్పుకోవాలనుకుంటే మధ్యాహ్నం పన్నెండు లోపే ఫోన్‌లో చెప్పి, ఎన్ని గంటలకు కావాలో కూడా చెప్పండి. ఏడింటికి తినేస్తే ఎనిమిదింటికి అందరూ మంట చుట్టూ ఉంటారు.

రెండో రోజు మీరే వండుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. 1,000 మీటర్ల ఎత్తున నీళ్లు 100 డిగ్రీలకు కాకుండా 97కు దగ్గరలోనే మరుగుతాయి. అన్నానికి పెద్ద తేడా ఉండదు, కందిపప్పు మాత్రం విడిగా ఉడికిస్తే మొండికేస్తుంది. కుక్కర్ తీసుకెళ్లి ఒక విజిల్ ఎక్కువ వేయండి, బియ్యం అరగంట నానబెట్టండి. చలికి చిన్న సిలిండరులో గ్యాస్ ఒత్తిడి తగ్గి మంట సన్నబడుతుంది, అందుకని పొద్దుటి టీకి తొందరపడక్కర్లేని వేళ పెట్టుకోండి. రాత్రి పడుకునేటప్పుడు రెండు ఫ్లాస్కుల నిండా వేడినీళ్లు. ఒకటి పెద్దవాళ్ల మందులకు, ఒకటి పిల్లల పాలకు. చలిలో దాహం వేయదు, నీళ్లు తాగడం తగ్గుతుంది. గోరువెచ్చగా ఉంటే తాగుతారు.

దారి

సూర్యాపేట నుంచి లంబసింగి దాదాపు 450 కిలోమీటర్లు. 65వ నంబరు జాతీయ రహదారి మీద కోదాడ, విజయవాడ, అక్కడి నుంచి 16వ నంబరు మీద రాజమహేంద్రవరం, తుని, ఆపైన నర్సీపట్నం, ఘాట్. మిర్యాలగూడ వాళ్లు హుజూర్‌నగర్ మీదుగా వచ్చి కోదాడలో హైవే ఎక్కవచ్చు. పొద్దున బయల్దేరి రాత్రికి కొండెక్కేద్దామని కుర్రవాళ్లు అంటారు. కుదరదని చెప్పండి. చీకట్లో, మంచులో, పది గంటలు నడిపి అలసిన మనిషి ఘాట్ ఎక్కకూడదు.

తునికి ముందే అన్నవరం ఉంది. రత్నగిరి మీద సత్యదేవుని దర్శనం, సత్రంలో గది, వ్రతం చేయించుకునేవాళ్లకు వ్రతం. దారి మధ్య రాత్రి అక్కడ పడుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకు కొండ అడవి కంటే ఈ మజిలీయే ఎక్కువ ఇష్టం కావచ్చు, వాళ్ల వంతు సంతోషం ప్రయాణం మొదట్లోనే అందుతుంది. మర్నాడు నర్సీపట్నంలో ఆయిలు, నగదు, మందులు, కూరగాయలు. పెద్దాసుపత్రి కూడా అక్కడే ఉంది, దారి గుర్తుపెట్టుకోండి. మధ్యాహ్నం రెండు లోపు గది చేరితే లైట్లు, గీజరు, గొళ్లాలు, రగ్గులు అన్నీ వెలుతురులో చూసుకోవచ్చు. ఏదైనా బాగాలేకపోతే మార్చమని అడగడానికి సమయం ఉంటుంది.

సూర్యాపేటకు, కోదాడకు ప్రయాణికుల రైలు లేదు. మిర్యాలగూడకు ఉంది. జన్మభూమి ఎక్స్‌ప్రెస్ పగటిపూట విశాఖ చేరుస్తుంది. మర్నాడు పొద్దున కిరండూల్ రైలు ఎక్కితే సొరంగాల వరుసలోంచి బొర్రా గుహలు, అరకు. దారిలో శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఘాట్ రోడ్డులో వాంతులయ్యేవాళ్లు ఇంట్లో ఉంటే కారు వదిలి ఈ రైలే పట్టుకోండి.

కారులో వెళ్లేవాళ్లకు: వాంతులయ్యేవారిని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఫోన్ చూడొద్దని చెప్పండి. మంచులో హైబీమ్ వేస్తే వెలుతురు తిరిగి మన కళ్లలోకే కొడుతుంది, లోబీమ్ వేయాలి. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. తెలియని మనిషినీ, తెలియని సంచినీ బండిలో ఎక్కించుకోకండి. గంజాయి కోసం చెక్‌పోస్టుల్లో బండ్లు తనిఖీ చేస్తారు, కాగితాలన్నీ చేతికి అందేలా ఉంచుకోండి.

లంబసింగి దగ్గరి చెరువులవేనంలో మబ్బులు చూడటానికి తెల్లవారి నాలుగున్నరకు లేవాలంటారు. మొదటి ఉదయం పోకండి. డ్రైవరు రెండు రోజులుగా నడుపుతున్నాడు, కొత్త చోట సరిగా నిద్రపోయి ఉండడు. రెండో ఉదయానికి పెట్టుకోండి. మొదటి ఉదయం అందరూ ఏడింటి దాకా పడుకుని, గది గుమ్మం ముందు ఎండలో కూర్చుని టీ తాగండి. ఆ సమయాన్ని కూడా కాగితం మీద రాసుకోండి, లేకపోతే ఎవరో ఒకరు దాన్ని జలపాతానికి ఇచ్చేస్తారు.

ఎవరి అడవి

ఆ ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు పిల్లలకు చెప్పవలసిన కథ ఒకటుంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం గిరిజనులను వాళ్ల అడవికే పరాయివాళ్లను చేసింది. చాలీచాలని కూలికి వాళ్లతో ఘాట్ రోడ్లు వేయించారు. ఆ మంట మీద అల్లూరి సీతారామరాజు మన్యం తిరుగుబాటు లేచింది. 1922 ఆగస్టు 22న మొదటి దాడి చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది, నర్సీపట్నం వచ్చినవాళ్లు చూసి వెళ్లవచ్చు.

ఇప్పటికీ ఆ నేల గిరిజనులదే. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1970 నాటి 1/70 చట్టం ఉంది. గది బుక్ చేసేటప్పుడు అది ఎవరు నడుపుతున్నారో అడగండి. ఊరివాళ్లే నడిపేది దొరికితే, కాస్త వసతి తక్కువైనా అక్కడే దిగమని నా సలహా. అర్ధరాత్రి ఏ కష్టం వచ్చినా దారి తెలిసినవాళ్లు పక్కనుంటారు, మీరిచ్చే డబ్బు ఆ ఊళ్లోనే ఉంటుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాఫీ కోత. సిల్వర్ ఓక్ చెట్ల నీడన ఎర్రగా పండిన గింజలు చేతికందేలా ఉంటాయి. పిల్లలు కోయకుండా చూడండి, అది ఒక కుటుంబానికి ఏడాది రాబడి. ఆడవాళ్ల ఫొటోలు అడగకుండా తీయకండి. స్పీకరు ఇంట్లో వదిలి రండి. ప్లాస్టిక్ గ్లాసులకు బదులు ఇంటి స్టీలు గ్లాసులు, చెత్తకు ఒక గోనె సంచి. అది నిండినా నిండకపోయినా మీతోనే కిందికి దిగాలి. ఎత్తైన గడ్డిలో పడుకోవడం, కూర్చోవడం వద్దు, నల్లులంతైనా లేని పురుగులు కుట్టి జ్వరాలు తెస్తాయి. తిరిగొచ్చాక రెండు మూడు వారాల లోపు ఎవరికి జ్వరం వచ్చినా, ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. మలేరియా పరీక్ష ఆలస్యం కాకూడదు.

డబ్బు విషయం చిన్నదే, స్నేహాలు చెడేది మాత్రం అక్కడే. బయల్దేరకముందే తలా ఇంత అని ఒకరి చేతిలో పెట్టండి, తలలు లెక్కేసేటప్పుడు ఐదేళ్ల లోపు పిల్లలను వదిలేయండి. ఖర్చు రాసేవారు ఒకరు, డబ్బు పట్టేవారు ఒకరు. పైన నెట్ అందకపోతే ఫోన్‌పే పని చేయదు, నగదు ఉండాలి.

తిరుగు ప్రయాణం మంచు విడిచాకే, ఎనిమిది తొమ్మిది మధ్య. రాత్రి చలికి కారు బ్యాటరీ నీరసించి ఉంటుంది, ఇంజన్ రెండు నిమిషాలు ఆడనివ్వండి, అద్దం మీద నీరు తుడవండి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. బ్రేకు మీద కాలు వేసి ఉంచితే సగం దారిలో అది వేడెక్కి పట్టు తప్పుతుంది. కింద దిగగానే స్వెట్టర్లు తీసేసి, కడుపునిండా తిని, చల్లగా ఏసీ వేసుకుంటే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య డ్రైవరు కళ్లు మూతలు పడతాయి. ఆ వేళకు రాజమహేంద్రవరం దగ్గర ఒక గంట ఆపండి, అతణ్ని పడుకోనివ్వండి. నడపగలిగిన రెండో మనిషి ఉంటే విజయవాడ నుంచి కోదాడ దాకా స్టీరింగు ఆయనకివ్వండి.